కనుమ నాటి ప్రయాణం

మా ఇంట్లో బర్మాలోని రంగూన్‌ని రంగూన్ అని ఎవరూ అనరు, రంగం అంటారు. భీమిలి, కళింగపట్నం, బారువ వైపు పాతవాళ్ళ దగ్గర ‘రంగం వెళ్ళాడు’ అంటే చాలు, ఏ దేశం, ఎంత దూరం అని అడగరు. మా తాత అలాగే వెళ్ళాడు, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, డెక్కు టిక్కెట్టు మీద. మా నాన్న అక్కడే పుట్టాడు. నేనూ అక్కడే పుట్టాను. 1965 జనవరిలో ఓడెక్కి విశాఖపట్నం వచ్చేనాటికి నాకు పదకొండేళ్ళు.

ఈమధ్య ట్రంకు పెట్టె సర్దుతుంటే అప్పటి నా నోటుపుస్తకం దొరికింది. రంగంలో మా తెలుగు బడి మాష్టారు "రోజుకి నాలుగు వాక్యాలు రాయండర్రా, చేతిరాత కుదురుతుంది" అని పెట్టిన అలవాటు. అందుకే తేదీలు, వారాలు తప్పు పోలేదు. రోజుకి నాలుగే వాక్యాలు కాబట్టి మిగతాదంతా నా బుర్రలోంచి రాస్తున్నాను. చేతిరాత మాత్రం ఇప్పటికీ కుదరలేదు.

జనవరి 12, మంగళవారం

పుస్తకంలో ఉన్నది ఇది: "ఇవాళ పెట్టెలు చూశారు. అమ్మ గాజులు తీసేశారు. తమ్ముడు ఏడ్చాడు. మామ్మ రాయి మళ్ళీ ఇచ్చేశారు."

గాజుల సంగతి చెప్పాలంటే పది నెలలు వెనక్కి వెళ్ళాలి. నాన్నకి పజుండౌంగ్‌లో బియ్యం మిల్లుల దగ్గర చిన్న పచారీ కొట్టు ఉండేది. 1964 మార్చి 19న రంగంలో కొట్లన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. జనరల్ నె విన్ సైన్యం గద్దెనెక్కి అప్పటికి రెండేళ్ళయింది. పొద్దున్నే ఇద్దరు సిపాయిలు, ఒక గుమాస్తా వచ్చారు. బస్తాలు లెక్కపెట్టారు, తాళంచెవులు తీసుకున్నారు, తలుపు మీద ఒక నంబరు వేశారు. మా కొట్టు ప్రజల కొట్టయింది. సరుకు ఎక్కడేముందో వాళ్ళకి తెలియదు కాబట్టి నాన్ననే వారం రోజులు అందులో కూచోబెట్టారు. తన కొట్టులో తనే జీతంలేని నౌకరు. ఇంటికొచ్చి "ఇవాళ పంచదార బాగా పోయింది" అనేవాడు, అలవాటు కొద్దీ.

తర్వాత మే 17న యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. మా ఇంట్లో దాచినవన్నీ అవే. సరిగ్గా పదో రోజున ఢిల్లీలో నెహ్రూ పోయారు. నాన్న రేడియో పక్కన కూచుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నెహ్రూ కోసమో నోట్ల కోసమో మాకెవరికీ అర్థం కాలేదు. అడిగే ధైర్యం అమ్మకి కూడా లేకపోయింది.

1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పౌరసత్వానికి కాగితం పెట్టుకోమన్నారట. నాన్న రేపు మాపు అంటూ గడిపేశాడు. కొట్టు ఉంది, ఇల్లు ఉంది, కాగితం ఎందుకనుకున్నాడు. పెట్టుకున్నవాళ్ళలో కూడా చాలామందికి జవాబు రాలేదు, అది వేరే సంగతి. మొత్తానికి మేం విదేశీయులమని రాసి ఉన్న కార్డు ఒకటి మా చేతిలో మిగిలింది. 1964 ఎండాకాలం నుంచి ఓడలు మొదలయ్యాయి. అలా నాలుగైదేళ్ళలో లక్షన్నరకి పైగా జనం వచ్చారు. మా వంతు సంక్రాంతికి పడింది.

ఇక జనవరి 12 సంగతి. రంగం రేవు షెడ్డులో పెద్ద బల్ల. పెట్టె తెరవడం, బట్టలు దులపడం, లెక్క రాయడం. బంగారం తీసుకెళ్ళనివ్వరని ముందే తెలుసు. అయినా అమ్మ రెండు గాజులు ఉంచుకుంది, అడిగినప్పుడు తీసిద్దాంలే అని. అడిగారు, తీసిచ్చింది. రసీదు ఇచ్చారు. ఆ రసీదు ఎన్నేళ్ళు దాచిందో చెబితే నవ్వుతారు. పుస్తెలు మాత్రం పసుపుతాడుకి కట్టుకుని జాకెట్టు లోపలికి తోసుకుంది. ఆడవాళ్ళని వెతికే తెర వెనక ఒక బర్మా ఆవిడ ఉంది. ఆమె చెయ్యి అమ్మ మెడ దగ్గర ఆగింది. తాడు వేలికి తగిలింది. ఆవిడ అమ్మ మొహం చూడలేదు, నన్ను చూసింది. చెయ్యి తీసేసి "త్వా, త్వా" అంది. పో, పో అని. ఆ "త్వా"ని నేను చాలాసార్లు తలుచుకున్నాను.

మామ్మ దగ్గర దొరికింది రాయి. తనకా రాయి. తనకా అంటే బర్మాలో ఆడవాళ్ళు బుగ్గలకి రాసుకునే చెట్టు బెరడు. గంధంలాగే నీళ్ళు చల్లి గుండ్రటి రాతి మీద అరగదీస్తారు. రాయి చుట్టూ నీళ్ళు జారడానికి సన్నటి గాడి ఉంటుంది. బల్ల దగ్గర అధికారి దాన్ని ఎత్తి చూశాడు, తట్టి చూశాడు, లోపల బంగారం ఉందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇండియాలో తనకా చెట్టు లేదు అఫ్వా, ఈ బండ ఏం చేసుకుంటావు?" అన్నాడు బర్మాలో. అఫ్వా అంటే అవ్వ. మామ్మకి బర్మా మాట తెలుగుకంటే ధాటిగా వచ్చు. "పచ్చడి నూరుకుంటాను, నీకూ పంపిస్తాలే" అంది. వాడు నవ్వేశాడు. ఆ రోజు ఆ షెడ్డులో నేను విన్న ఒకే ఒక్క నవ్వు.

రాత్రి అక్కడే పడుకున్నాం. పక్కింటి బర్మా ఆవిడ ఇచ్చిన పొట్లం విప్పితే లఫెట్, ఊరవేసిన టీ ఆకు. వేయించిన వేరుశనగ, నువ్వులు, ఎండు రొయ్యలు విడిగా చిన్న పొట్లాల్లో కట్టింది, మెత్తబడకుండా. అంత జాగ్రత్తగా కట్టిన పొట్లం నేను మళ్ళీ చూడలేదు.

జనవరి 13, బుధవారం. భోగి

పోటు చూసుకుని పదింటికి లంగరు ఎత్తారు. డెక్కు కింద మధ్య అంతస్తులో కుటుంబానికి ఒక చాప పట్టేంత జాగా. ముందు వచ్చినవాళ్ళు సుద్దముక్కతో గీతలు గీసుకున్నారు. మా గీత ఇంజను వైపు పడింది, అంటే వెచ్చగా ఉంటుంది, నిద్ర పట్టదు.

అందరూ పైకెక్కి ఒకే పక్కకి చేరారు. ఓడ ఒరిగిపోతుందని కళాసీలు కేకలేశారు. నది నీళ్ళు బురదలో పాలు కలిపిన రంగు. ఎడమ వైపు మంకీ పాయింట్ దాటుతుంటే పజుండౌంగ్ వాగు వచ్చి నదిలో కలిసే చోటు కనిపించింది. ఆ వాగు ఒడ్డునే మా ఇల్లు. మిల్లు పొగగొట్టాలు నాలుగైదు కనిపించాయి. మాది ఏదని తమ్ముడు అడిగాడు. నాన్న ఒకటి చూపించాడు. నాకు తెలుసు అది కాదని. ఆ తర్వాత సిరియం నూనె ఫ్యాక్టరీ గొట్టాలు వచ్చి అన్నీ కలిసిపోయాయి.

ష్వేదగాన్ పగోడా బంగారు శిఖరం మాత్రం చాలాసేపు వదల్లేదు. నది మెలికలు తిరిగినప్పుడల్లా ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క, ఇంకోసారి సరిగ్గా వెనక. ఎవరో ముసలాయన "అది మనతో వచ్చేస్తున్నట్టుందిరా" అన్నాడు. కొంతమంది దణ్ణం పెట్టారు. దణ్ణం పెట్టినవాళ్ళలో గుళ్ళో పూజారి కూడా ఉన్నాడు.

మధ్యాహ్నం మామ్మ మొదలెట్టింది. "ఇయ్యాల బోగీ. గుంటడికి బోగిపళ్ళు పొయ్యాల." అమ్మ తల పట్టుకుంది. భోగిమంట ఎలాగూ లేదు, ఓడ మీద అగ్గిపుల్ల గీస్తేనే తిడుతున్నారు. కానీ మామ్మ చీర చెంగులోంచి ఎండు రేగుపళ్ళు తీసింది. రంగం బజార్లో రేగుపళ్ళు దొరుకుతాయి. తమ్ముడికి మూడేళ్ళు. వాణ్ణి పెట్టె మీద కూచోబెట్టి తూర్పు ఎటో అడిగింది. అటు తిప్పి కూచోబెట్టారు. రేగుపళ్ళలో నానిన శనగలు, చిల్లర డబ్బులు కలిపి తల చుట్టూ తిప్పి పోసింది.

చిల్లరంటే బర్మా ప్యాలు. ఒక వైపు చింతే సింహం బొమ్మ ఉండేది. పిల్లలందరూ మీద పడ్డారు. గుండ్రటి ఒక ప్యా బిళ్ళలు డెక్కు మీద దొర్లుకుంటూ పోయి, నీళ్ళు పోవడానికి అంచున ఉన్న కంతల్లోంచి టపటపా నదిలోకి పడిపోయాయి. పది ప్యాలు చదరంగా ఉంటాయి, దొర్లవు. అవి మాత్రం మాకు దొరికాయి. నాకు మూడు వచ్చాయి. అవి ఎక్కడా చెల్లవన్న ఆలోచన ఆ క్షణాన ఏ పిల్లకీ రాలేదు. ఎగబడ్డ పెద్దవాళ్ళూ ఒకరిద్దరు ఉన్నారు లెండి.

సాయంత్రానికి నది నోరు దాటాం. నీళ్ళు గోధుమరంగు నుంచి ఆకుపచ్చకి మారే చోట ఒక గీత ఉంది. ఎవరో చీర పరిచినట్టు అంత తిన్నగా. చూపించడానికి నాన్నని లాక్కొచ్చాను. చూసి, "సరే" అన్నాడు. అంతకుమించి ఆ రోజు ఏం మాట్లాడలేదు.

అర్ధరాత్రి దాటాక మామ్మ లేపింది. దూరంగా నీళ్ళ మధ్యలో ఒక దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. అల్గ్వాడా దిబ్బ మీద లైట్‌హౌస్, 1865లో కట్టింది. బర్మా నేల కొసకి బయట, రాళ్ళ మీద ఒంటరిగా ఉంటుంది. "ఇదే ఆకరిది. దీని తరవాత ఇంకేటీ లేదు, నీల్లే" అంది మామ్మ. ఆమెకెలా తెలుసని అడిగితే "ఇది నాకు రెండో పాలి గదేటి" అంది.

జనవరి 14, గురువారం. సంక్రాంతి

"నీళ్ళు నల్లగా ఉన్నాయి. అన్నం, పప్పు పెట్టారు. కాకి లేదు. మాష్టారు ఒక మాట చెప్పారు."

మా వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగ. కొత్త బట్టలు పెద్దలకి పెట్టి, పప్పు, గారెలు, పోయినవాళ్ళకి ఏది ఇష్టమో అది వండి, ఒక ముద్ద తీసి కాకికి పెట్టాలి. తాత రంగంలోనే పోయాడు. ఆయనకి ఇష్టమైనది ఙపి కలిపిన అన్నం. ఙపి అంటే పులియబెట్టిన చేపల ముద్ద, దాని గురించి రేపు చెబుతాను. బట్టల కింద తాత పాత లుంగీనే ఉతికి మడతపెట్టింది మామ్మ. ఓడ వంటశాల అన్నంలోంచి ఒక ముద్ద తీసి, డబ్బాలోంచి వేలితో ఙపి అద్ది కలిపింది.

తర్వాత చిక్కొచ్చింది. పెద్దలది దక్షిణం. ఓడ మీద దక్షిణం ఎటు? మామ్మ చిట్టగాంగ్ కళాసీని పట్టుకుంది. ఆమెకి బెంగాలీ రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరికీ బర్మా వచ్చు. అతను ఎడమ పక్క కటకటాలు చూపించి, ఎందుకని అడిగాడు. చెప్పింది. అతను ఏమనుకున్నాడో, కటకటాల మీదున్న తాళ్ళ చుట్ట తీసి పక్కన పెట్టి, అక్కడ చోటు చేసి ఇచ్చాడు.

ముద్ద పెట్టి పిలిచింది. కావ్ కావ్ అని కాదు, పేరు పెట్టి పిలిచింది. మా మామ్మ తాతని పేరు పెట్టి పిలవగా వినడం అదే మొదలు, అదే ఆఖరు. సముద్రం మధ్యలో కాకెక్కణ్ణుంచి వస్తుంది? సముద్రపు పక్షి కూడా ఒక్కటీ లేదు. అరగంట నిలబడింది. గాలికి పమిట చెంగు కొట్టుకుంటోంది. ఆఖరికి అమ్మ వచ్చి "అత్తా, నీళ్ళలో వేసెయ్యండి, ఎవరో ఒకరు తింటారు" అంది.

"చేప తింటే మీ మావకి చేరుద్దేటే?" అని కసిరి, ముద్దని గుడ్డలో కట్టి పెట్టెలో పెట్టేసింది. ముద్ద ఎండుతోందని, వాసనేస్తుందని అమ్మ అంది. మామ్మ వినలేదు.

మాష్టారి మాట సంగతి. మా తెలుగు బడి మాష్టారూ అదే ఓడలో ఉన్నారు. ఆయన గీత మాకు నాలుగు చాపల అవతల. సాయంత్రం పిల్లల్ని పోగేసి కూచున్నారు, బడి మానకూడదని. నాన్న చేతిలో ఓడవాళ్ళిచ్చిన కాగితం ఉంది. దాని మీద ఇంగ్లీషులో రిపాట్రియేట్ అని ఉంది. అంటే ఏంటని అడిగాను.

"స్వదేశానికి తిరిగి వెళ్ళేవాడు" అన్నారు.

"నేను వెళ్ళిందెప్పుడు మాష్టారూ, తిరిగి రావడానికి?"

"అది కాగితం రాసిన గుమాస్తాని అడగాలి. తెలుగులో మనల్ని కాందిశీకులంటారులే."

ఆ మాట నేను అంతకుముందు వినలేదు. ఆయన సంస్కృతం చదువుకున్నవారు. సుద్దముక్కతో డెక్కు మీద రాశారు. కాం దిశం అంటే ఏ దిక్కుకి అని అర్థమట. తరుముకొస్తుంటే ఏ దిక్కుకి పోవాలిరా అనుకుంటూ పరిగెత్తేవాడు కాందిశీకుడు. నాకు వెంటనే మామ్మ గుర్తొచ్చింది, పొద్దున్న కళాసీ చొక్కా పట్టుకుని దక్షిణం ఎటని అడుగుతూ. మాష్టారు రాసింది చూసి ఒక కళాసీ బకెట్టుతో నీళ్ళు కొట్టి కడిగేశాడు. డెక్కు పాడుచేస్తున్నామని.

జనవరి 15, శుక్రవారం. కనుమ

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు ఎవరూ ఊరు దాటి ప్రయాణం చెయ్యరు. వచ్చిన చుట్టాన్ని కూడా ఆపేస్తారు. మేమేమో బంగాళాఖాతం నడిబొడ్డున ఉన్నాం. డెక్కు మీద ఉన్న తెలుగువాళ్ళందరికీ పొద్దున్నే అదే బెంగ. ఒకావిడ గట్టి లాయరు పాయింటు తీసింది. "మనం ఎక్కింది భోగి నాడు కదా. ఎక్కిన రోజే ప్రయాణం. ఇవాళ మనం కూచునే ఉన్నాం, కదిలేది ఓడ." అందరికీ కొంచెం ఊరట కలిగింది.

అయినా ఆ రోజే సముద్రం ఊగింది. తుపాను కాదు, పొడుగాటి అలలు, ఉయ్యాల ఊగినట్టు. సగంమంది వాంతులు. ధనుష్కోడి మాట ఎవరో ఎత్తారు. అంతకుముందు డిసెంబరులోనే అక్కడ తుపాను వచ్చి ప్యాసింజరు రైలుని రైలుగానే సముద్రంలోకి లాక్కుపోయింది. ఆ వార్త రంగంలో అందరికీ తెలుసు. పట్టాల మీద ఉన్న రైలే పోతే నీళ్ళ మీద ఉన్న ఓడ ఎంత అని ఒకాయన మొదలుపెట్టాడు. ఆడవాళ్ళంతా కలిసి ఆయన్ని అవతలికి తోలేశారు.

ఇక ఙపి గొడవ. మా డబ్బా మూత వదులై, ఓడ ఊగినప్పుడు కారింది. దాని వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పలేను. కడుపు తిప్పుతున్న మనుషుల మధ్య ఆ వాసన! పక్క చాపవాళ్ళు సముద్రంలో పారేయమన్నారు. అమ్మ పారేస్తానంది. మామ్మ డబ్బా పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకుంది. "నా మీంచి తోసుకెల్లండి." చివరికి మాష్టారొచ్చి తీర్పు చెప్పారు. ఆ తీర్పు నాకు ఇప్పటికీ ఇష్టం.

"అక్షరాల్లో ఙ ఉంది. దానితో మొదలయ్యే మాట తెలుగులో ఒక్కటి చెప్పండి చూద్దాం. లేదు. పాపం ఆ అక్షరం పిల్లల చేత ఊరికే దిద్దించుకుంటూ కూచుంది. మన రంగం తెలుగువాళ్ళకే దానికో మాట దొరికింది. ఆ ఒక్క మాటనీ సముద్రంలో వేస్తారా?"

డబ్బాకి మూడు గుడ్డలు చుట్టి, పైన డెక్కు మీద పడవ కింద కట్టేశారు. రాజీ కుదిరింది.

ఆ రాత్రి నిద్ర లేదు ఎవరికీ. పున్నమి దగ్గరపడింది, నీళ్ళ మీద వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. మామ్మ మొదటిసారి సంగతి అప్పుడు చెప్పింది. 1941 డిసెంబరు 23న రంగం మీద జపాను బాంబులు పడ్డాయి, క్రిస్మస్ నాడు మళ్ళీ. తాత హార్బరులో బియ్యం బస్తాలు మోసే స్టీమరు కూలీ. ఆ కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళే. 1930 మే నెలలో వీళ్ళు సమ్మె చేస్తే బర్మావాళ్ళని పనికి పెట్టారు. సమ్మె తీరాక వాళ్ళని పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాటలో వీధుల్లో తెలుగు కూలీల్ని వెతికి వెతికి కొట్టారు. అప్పుడు తాత రెండు రోజులు బియ్యం బస్తాల మధ్య దాక్కుని బతికాడు. అప్పుడే వచ్చేద్దామని మామ్మ అంటే, ఊళ్ళో బస్తాలు కూడా లేవు దాక్కోవడానికి అన్నాడట.

1942లో ఓడల్లో చోటు మామ్మకీ నాన్నకీ దొరికింది. తాతకి దొరకలేదు. దీపాలన్నీ ఆర్పేసి నడిపారట ఓడని, పిల్ల ఏడిస్తే నోరు మూసేవారట. మద్రాసులో దిగి రైల్లో భీమిలి పక్క మా ఊరొచ్చింది. "హమ్మయ్య అనుకున్నానే. ఏప్రిల్ల ఇసాపట్నం మీద బాంబులేసినారు. కాకినాడ మీదా ఏసినారు. నా ఎనకాలే ఒచ్చీసినాయి" అంది. అది 1942 ఏప్రిల్ 6. తాత ప్రోమ్ నుంచి కొండలు దాటి టౌంగుప్, అక్కణ్ణుంచి అక్యాబ్, చిట్టగాంగ్ మీదుగా నడిచీ పడవలెక్కీ ఎండాకాలం ఆఖరికి ఇల్లు చేరాడు. దారిలో కలరా. కలిసి బయల్దేరినవాళ్ళ లెక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. యుద్ధమయ్యాక 1946లో ముగ్గురూ మళ్ళీ రంగం ఓడెక్కేశారు.

"అంత జరిగినాక మళ్ళీ ఎందుకెళ్ళారు?" అని అడిగాను.

"ఇల్లక్కడుంది గదేటి" అంది. నేనేదో తిక్క ప్రశ్న వేసినట్టు చూసింది.

నాన్న మెలకువగానే ఉన్నాడు. "ఈసారి మళ్ళీ వెళ్ళేది లేదమ్మా" అన్నాడు చీకట్లోంచి. మామ్మ మాట్లాడలేదు. డెక్కు మీద పడవ వైపు చూసి, డబ్బా ఉందో లేదో కనుక్కుని రమ్మని నన్ను పంపింది.

జనవరి 16, శనివారం. ముక్కనుమ

పొద్దున్నే నేల వాసన వచ్చిందని కొందరన్నారు. నాకు ఇంజను నూనె వాసన తప్ప ఏం రాలేదు. ఎనిమిదింటికి కొండలు కనిపించాయి. పల్చటి నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ. డాల్ఫిన్స్ నోస్ కొండ ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చింది. పెద్దవాళ్ళు సింహాచలం ఎటో వెతుక్కుని చేతులెత్తారు. "అప్పన్నా, అప్పన్నా" అని ఒకటే గోల. నేనూ ఎత్తాను. ఎవరో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు.

కొండకీ ఊరికీ మధ్య సన్నటి కాలవలోంచి ఓడని లోపలికి లాగారు. కుడి వైపు పక్కపక్కనే మూడు గుట్టలు. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. మూడింటి కిందా చిన్న ఇళ్ళు. జనం చెయ్యి ఊపారు. మేమూ ఊపాం. నా జీవితంలో మొదటిసారి తెలుగులో రాసిన అంత పెద్ద బోర్డు చూశాను, గోదాము గోడ మీద. చదివాను. పొగ తాగరాదు.

మళ్ళీ షెడ్డు, మళ్ళీ బల్ల. ఇక్కడ సూది మందు, బన్ను రొట్టె, టీ. వరస కదలడానికి రెండు గంటలు పట్టింది. గుమాస్తా తెలుగులో అడుగుతుంటే నాన్న తడబడ్డాడు. తెలుగు రాక కాదు, అధికారితో తెలుగులో మాట్లాడటం ఆయనకి అలవాటు లేదు. రెండుసార్లు బర్మాలో "హొక్కే" అన్నాడు, అవునని.

"సొంత ఊరు?"

నాన్న భీమిలి పక్క ఊరి పేరు చెప్పాడు. చిన్నప్పుడు యుద్ధం రోజుల్లో నాలుగేళ్ళున్న ఊరు.

"అక్కడ ఇల్లుందా? భూమి?"

"లేవండి."

"చుట్టాలు?"

నాన్న మామ్మ వైపు చూశాడు. మామ్మ లెక్కపెట్టుకుంది వేళ్ళ మీద. మూడు వేళ్ళు ముడిచింది, ఒకటి మళ్ళీ తెరిచింది. "ఉంటే ఇద్దరుండాల" అంది. క్యాంపు అని రాసుకున్నాడు గుమాస్తా. మిగతా నలుగురి పేర్లూ రాశాక నా వైపు పెన్ను చూపించి పుట్టిన ఊరు అడిగాడు. రంగం అన్నాను. అతను నవ్వి, ఇంగ్లీషులో రంగూన్ అని రాశాడు. ఆయనేం చెడ్డవాడు కాదు. నా చేతిలో ఇంకో బన్ను పెట్టాడు.

కంచరపాలెం వైపు తర్వాత వెలిసిన బర్మా క్యాంపు, అక్కడి బతుకులు, 1969లో మాలాంటి కాందిశీకుల కోసం పెట్టిన రెప్కో బ్యాంకులో అప్పు కోసం నాన్న తిరిగిన తిరుగుళ్ళు, అదంతా పెద్ద కథ. ఈ పుస్తకంలో లేదు. ఆ రోజు నాలుగు వాక్యాల్లో మూడు టీ, బన్ను గురించే ఉన్నాయి.

నాలుగోది కాకి గురించి. షెడ్డు బయట లారీ కోసం సామాను మీద కూచున్నాం. చేపల బుట్టల వాసనకి గోడ మీద కాకులు వరసగా చేరాయి. మామ్మ పెట్టె తెరిపించింది. గుడ్డ విప్పింది. రెండు రోజుల ముద్ద ఎండి గట్టిపడింది, ఙపి వాసన మాత్రం అలాగే ఉంది. తనకా రాయి బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద ముద్ద చిదిపి పెట్టింది. పక్కనున్న పోర్టు కూలీలు ముక్కులు మూసుకున్నారు.

ఒక కాకి దిగింది. తల వాల్చి ఒక కంటితో చూసింది, ఇంకో కంటితో చూసింది. రెండడుగులు వెనక్కి గెంతింది. మేమెవ్వరం ఊపిరి తియ్యలేదు. మళ్ళీ ముందుకొచ్చి, ఒక మెతుకు ముక్కుతో పట్టుకుని, రాయి అంచుకి ముక్కు తుడుచుకుని, ఇంకోటి తీసుకుంది.

"రెండు రోజులు ఆలీసం అయిపోనాది. ఏటనుకోకు" అంది మామ్మ, కాకితో.